పసిబిడ్డ లంగోటీలు: ఉతకడం, జాడించడం, ఆరబెట్టడం



నెలల బిడ్డను ఎత్తుకుని మతబ్‌కు వచ్చే తల్లులు ఎక్కువగా చూపించేది తొడల మధ్య కందిపోయిన చర్మం. "పూయడానికి ఏదైనా మలాం ఇవ్వండి హకీం సాబ్" అంటారు. మలాం ఇచ్చే ముందు నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. లంగోటీలు ఎలా ఉతుకుతున్నారు? ఎన్నిసార్లు జాడిస్తున్నారు? ఎక్కడ ఆరేస్తున్నారు? పెట్టెలో ఏమి వేసి దాస్తున్నారు? చాలామందికి జబ్బు మూలం ఈ నాలుగు జవాబుల్లోనే దొరుకుతుంది. అందుకని ఈ వారం పాఠం బిడ్డ గుడ్డల గురించి.

ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో పోత్డా అంటారు, తెలుగు ఇళ్ళలో పొత్తిగుడ్డ, లంగోటీ అంటారు, దుకాణంలో క్లాత్ డైపర్ అని అమ్ముతారు. పేరు ఏదైనా ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. గుడ్డలో ఏది మిగిలితే అది బిడ్డ ఒంటికి చేరుతుంది. మలమూత్రాలు మిగలకూడదు, సబ్బు మిగలకూడదు, తడి మిగలకూడదు, ఘాటు మందులు మిగలకూడదు. ఈ పాఠమంతా ఈ నాలుగింటి వివరణే.

తిబ్ ఏమంటుంది

పసిపిల్లల సంరక్షణకు మన తిబ్బె యూనానీలో మొదటి నుంచీ పెద్ద పీట ఉంది. ఇబ్నె సీనా తన అల్ ఖానూన్ మొదటి కితాబులోనే పుట్టిన బిడ్డ స్నానం, నిద్ర, గుడ్డలు చుట్టడం గురించి చెప్పారు. ఖైరవాన్ నగరపు హకీం ఇబ్నుల్ జజ్జార్ పిల్లల పెంపకం మీదనే విడిగా ఒక కితాబు రాశారు.

పసిబిడ్డ మిజాజ్ హార్ రతబ్, అంటే వేడి, తేమ కలిసినది. వేడి, తేమ ఒకచోట చేరి గాలి ఆడకపోతే అక్కడ ఉఫూనత్, అంటే కుళ్ళు పుడుతుందని మన పెద్దలు చెప్పారు. తడి లంగోటీ లోపల జరిగేది ఇదే. నేటి వైద్యులు దీన్నే మరో మాటలో చెబుతారు. మూత్రంలో యూరియా అనే పదార్థం ఉంటుంది. సూక్ష్మక్రిములు దాన్ని విరిచి అమ్మోనియాగా మారుస్తాయి. పొద్దున్నే రాత్రి లంగోటీ విప్పగానే ముక్కుకు కొట్టే ఘాటు వాసన అదే. ఆరోగ్యమైన చర్మానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది, అదే దానికి కాపలా. అమ్మోనియా క్షారం కనుక ఆ కాపలా తొలగిపోతుంది. అప్పుడు మలంలోని జీర్ణరసాలు చురుకై చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. మూత్రం, మలం రెండూ కలిసిన లంగోటీ బిడ్డ ఒంటిపై ఎక్కువసేపు ఉండకూడదని చెప్పేది ఇందుకే.

ఏ గుడ్డ మంచిది

బాగా వాడి మెత్తబడిన నూలు గుడ్డను మించింది లేదు. పాత నూలు లుంగీ, ధోవతి, నేత చీర చింపి అంచులు మడిచి కుట్టుకోండి. షోలాపూర్ వైపు ఉన్న మన కుటుంబాలకు నూలు తువ్వాళ్ళు ఊళ్ళోనే దొరుకుతాయి, రాత్రిపూట లోపల మడిచి పెట్టడానికి అవి బాగా పీలుస్తాయి. నైలాన్, పాలిస్టర్ కలిసిన గుడ్డ మూత్రం పీల్చదు, వేడి పుట్టిస్తుంది.

కొత్త నూలు గుడ్డలో పత్తికి సహజంగా ఉండే మైనం, మిల్లులో పెట్టిన గంజి ఉంటాయి. నాలుగైదు సార్లు వేడినీళ్ళలో ఉతికితే గాని సరిగ్గా పీల్చదు. కాన్పుకు ముందే ఈ పని పూర్తి చేసుకోండి. పుట్టిన బిడ్డకు రోజుకు పది పన్నెండు మార్పులు పడతాయి. రెండు రోజులకు సరిపడా 24 లంగోటీలు ఉంటే తల్లికి తొందర ఉండదు, వానలోనూ ఇబ్బంది ఉండదు.

దుకాణంలో కొనే క్లాత్ డైపర్‌కు బయట నీరు దిగని పొర, లోపల పీల్చే మెత్త విడివిడిగా ఉంటాయి. లోపలి నూలు మెత్తను వేడినీళ్ళలో ఉతకవచ్చు. బయటి పొరను మరిగించకూడదు, ఇస్త్రీ చేయకూడదు. చేస్తే ఆ పొర పగిలి నీరు కారుతుంది, ఎలాస్టిక్ సాగిపోతుంది.

మొదటిది: మలమూత్రాలు మిగలకూడదు

పాలు తాగే బిడ్డ మలంలో ఏముంటుందిలే అని చాలా ఇళ్ళలో అనుకుంటారు. అది పొరపాటు. పసిబిడ్డ మలంలోనూ విరేచనాలు పుట్టించే క్రిములు ఉండవచ్చు. మలాన్ని మరుగుదొడ్డిలోనే వదిలించి, చన్నీళ్ళ ధార కింద గుడ్డను కడగాలి. ముందే వేడినీళ్ళు పోస్తే మరక పట్టుకుంటుంది. వాకిట్లో, కాలువలో, చేతిపంపు దగ్గర కడగవద్దు. పని ముగిశాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్న తరువాతే బిడ్డకు పాలివ్వాలి, వంటకు వెళ్ళాలి.

విప్పిన లంగోటీలను రోజులకొద్దీ నీళ్ళలో నానబెట్టకండి. నిలవ నీళ్ళలో ఉఫూనత్ పెరుగుతుంది, గుడ్డ నార పుచ్చుతుంది. కడిగి పిండి, గాలి తగిలే బుట్టలో వేసి, ఏ రోజువి ఆ రోజే ఉతకండి. ఉతికే ముందు అరగంట నానితే చాలు. ఆ అరగంట కూడా బకెట్‌ను మూత వేసి, ఎత్తున పెట్టండి. ఇంట్లో పాకే బిడ్డ, నడక నేర్చే బిడ్డ ఉంటే జానెడు నీళ్ళున్న బకెట్ కూడా ప్రాణం తీస్తుంది. తల ముందుకు వంగి పడిన పసిబిడ్డ తనంతట తాను లేవలేదు, అరవనూ లేదు.

ఉతకడానికి చేయి ఓర్చగలిగినంత వేడినీళ్ళు వాడండి. బిడ్డకు విరేచనాలు పట్టినప్పుడు మామూలు నూలు లంగోటీలను ఉతికిన తరువాత పది నిమిషాలు మరిగించండి. మిగతా రోజుల్లో వారానికి ఒకసారి మరిగిస్తే సరిపోతుంది.

పాకీ సంగతి తల్లులు తప్పక అడుగుతారు. హనఫీ ఫిఖ్‌హ్‌లో కంటికి కనబడే నజాసత్ అయితే అది పోయేదాకా కడగాలి. పోగొట్టడం కష్టమైన మరక రంగు మిగిలితే దోషం లేదు. మూత్రంలా ఆరిన తరువాత కనబడని నజాసత్ అయితే మూడుసార్లు కడిగి, ప్రతిసారీ గట్టిగా పిండాలి. మీ మస్లక్ వేరైతే వివరం మీ ఇమామ్ గారిని అడగండి. నా వైపు నుంచి నేను చెప్పగలిగేది ఒక్కటే. మూడుసార్లు కొత్త నీళ్ళలో జాడించి, మూడుసార్లు పిండిన గుడ్డ బిడ్డ చర్మానికి కూడా సరైన గుడ్డే. బాలింత వయసు దాటి నమాజు మొదలుపెట్టిన తల్లి నమాజుకు ఒక జత విడిగా ఉంచుకుంటే, బిడ్డ ఒడిలో తడిపినందుకు నమాజు వదులుకునే పని ఉండదు.

రెండోది: సబ్బు మిగలకూడదు

కందిపోయిన పిల్లల ఇళ్ళలో తరచుగా కనబడే తప్పు ఇది. మురికి ఎక్కువ కదా అని గుప్పెడు బట్టల పొడి వేస్తారు, ఒకసారి జాడించి దండెం మీద వేస్తారు. గుడ్డ చూడటానికి తెల్లగా ఉంటుంది, సువాసన కూడా వస్తుంది. బిడ్డ మూత్రం పోయగానే నారలో మిగిలిన సబ్బు కరిగి చర్మం మీదికి వస్తుంది.

పరీక్ష సులువు. ఉతికి ఆరిన లంగోటీ ఒకటి తీసి శుభ్రమైన నీళ్ళ గిన్నెలో వేసి చేత్తో పిసకండి. నీళ్ళు నురగ కట్టినా, జిడ్డుగా తెల్లబారినా ఇంకా సబ్బు ఉన్నట్టే. అలాంటివన్నీ సబ్బు వేయకుండా రెండు మూడుసార్లు వేడినీళ్ళలో జాడించండి. ఇకమీదట పొడి సగానికి తగ్గించండి. ఉతికే యంత్రం ఉన్నవారు లంగోటీలకు మాత్రం జాడింపు ఒకసారి అదనంగా పెట్టండి.

బళ్ళారి, కోలార్ వైపు బోరు నీళ్ళు వాడే కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది. గడుసు నీళ్ళలోని సున్నపు లవణాలు సబ్బుతో కలిసి తెట్టులా గుడ్డకు అంటుకుంటాయి. లంగోటీలు అట్ట ముక్కల్లా బిరుసెక్కుతాయి, పీల్చడం మానేస్తాయి. కుళాయి నీళ్ళు గాని, పట్టి ఉంచిన వాన నీళ్ళు గాని కొంచెమే ఉంటే, వాటిని ఉతకడానికి ఖర్చు పెట్టకుండా చివరి జాడింపుకు దాచుకోండి. గడుసు నీళ్ళలో ఉతకక తప్పనప్పుడు ఒక బకెట్‌కు ఒక చెంచా చాకలి సోడా కలిపితే సబ్బు బాగా పనిచేస్తుంది. అయితే అది ఘాటైన క్షారం కనుక జాడింపు మూడుసార్లకు తగ్గకూడదు, వంటసోడా డబ్బా పక్కన దాన్ని పెట్టకూడదు.

బట్టలు మెత్తబడటానికి చివర్లో కలిపే సువాసన ద్రవాలు లంగోటీలకు వద్దు. అవి నార మీద పూతలా నిలిచి, నీరు పీల్చనివ్వవు. గంజి, నీలిమందు కూడా వద్దు. క్రిమిసంహారక ద్రవం మూత నిండా పోస్తే శుభ్రత పెరుగుతుందనుకోవద్దు. అది నారలో మిగిలితే పలుచని చర్మాన్ని కాలుస్తుంది. వేడినీళ్ళు, ఎండ రెండూ ఉండగా దాని అవసరం లేదు.

మూడోది: తడి మిగలకూడదు

ఎండ అల్లాహ్ ఉచితంగా ఇచ్చిన నేమత్. ఎండలోని కిరణాలు క్రిములను చంపుతాయి, పసుపు మరకలను విరగ్గొడతాయి. మరక మొండిగా ఉంటే తడి గుడ్డ మీద నిమ్మరసం రాసి ఎండలో వేసి, తరువాత మళ్ళీ జాడించండి. లంగోటీలను మడతలు లేకుండా పరచి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఆరేయండి. నీరు దిగని పొర ఉన్న వాటిని మాత్రం నీడలో, గాలికి ఆరేయండి.

వేసవిలో బళ్ళారి, షోలాపూర్ ఇళ్ళలో ఆరబెట్టడం సమస్య కాదు. యానాంలో గోదావరి ఒడ్డున, ఒడిశాలో బ్రహ్మపురం, రాయగడ వైపు వానాకాలంలోనే కష్టం. చేతికి ఆరినట్టు తగులుతుంది, మడతలో తేమ ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్క వాసన వస్తే అది ఆరలేదని అర్థం. అలాంటి రోజుల్లో మందపు మెత్తలు పక్కన పెట్టి ఒంటి పొర గుడ్డలే వాడండి, అవి త్వరగా ఆరుతాయి. ఫ్యాన్ కింద ఆరేసి, కట్టే ముందు వేడి ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ వేడి మిగిలిన తేమను తీసేస్తుంది.

కొన్ని ఇళ్ళలో తడి లంగోటీలను లోబాన్ పొగ మీద, బొగ్గుల కుంపటి మీద ఆరబెడతారు. ఆ పొగ గుడ్డలో నిలిచి బిడ్డ ఊపిరిలోకి వెళుతుంది. తలుపులు మూసిన బాలింత గదిలో కుంపటి పెడితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయమే. లోబాన్ మీద మీకున్న ఇష్టాన్ని నేను కాదనను, బిడ్డ గుడ్డలకూ, బిడ్డ పడుకునే గదికీ మాత్రం వద్దు.

నాలుగోది: ఘాటు మందులు మిగలకూడదు

ఈ పాఠంలో తప్పక చదవవలసిన భాగం ఇది.

మొదటి బిడ్డ లంగోటీలు, చొక్కాలు దాదీ గాని నానీ గాని ఉతికి, ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాస్తారు. రెండో బిడ్డ పుట్టగానే ఎంతో ప్రేమగా తీసి అలాగే కడతారు. కలరా ఉండల్లో చాలావాటిలో ఉండేది నాఫ్తలీన్. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తంలో జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. ఇది తల్లి వైపు నుంచి వచ్చే వంశపారంపర్య లోపం, మగపిల్లల్లో ఎక్కువ. చూడటానికి బిడ్డ ఆరోగ్యంగానే ఉంటాడు కనుక ఇంట్లో ఎవరికీ తెలియదు. అలాంటి బిడ్డకు నాఫ్తలీన్ పట్టిన గుడ్డ చుడితే, ఆ ఆవిరి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా లోపలికి వెళ్ళి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. నూనె రాసిన ఒంటికి అది మరింత సులువుగా ఎక్కుతుంది. బిడ్డ ఒళ్ళు పాలిపోతుంది, కళ్ళు, చర్మం పచ్చబడతాయి, మూత్రం టీ నీళ్ళ రంగులో వస్తుంది. ఈ కామెర్లు తీవ్రమైతే మెదడుకు చేటు, ప్రాణానికీ చేటు. అటువంటప్పుడు పసరు మందులకు, తాయెత్తులకు తిరగకుండా అదే గంటలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

కాబట్టి బిడ్డ గుడ్డలున్న పెట్టెలో కలరా ఉండలు వేయవద్దు. ఇప్పటికే వేసి ఉంటే గుడ్డలన్నీ తీసి, వేడినీళ్ళలో ఉతికి, కొన్ని రోజులు ఎండకూ గాలికీ వేయండి. వాసన కొంచెం ఉన్నా ఆ గుడ్డ బిడ్డకు కట్టవద్దు. దాచుకోవడానికి బాగా ఆరిన గుడ్డల మధ్య ఎండిన వేపాకు మూటలు పెట్టండి, ఏడాదికి రెండుసార్లు ఎండలో వేయండి.

బోరిక్ పొడి కూడా ఇలాంటిదే. ఒకప్పుడు ఒరిసిన చోట చల్లేవారు. చెక్కుకుపోయిన చర్మం గుండా అది రక్తంలోకి వెళ్ళి విషమవుతుంది. పసిబిడ్డకు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. టాల్కం పౌడరు కూడా వద్దు, చల్లేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా వైద్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. పుండ్లకు వాడే పాత మలాంలు కొన్నింటిలో మురదార్‌సంగ్ ఉంటుంది. అది సీసం. యూనానీ మందు కదా, హాని ఉండదని ఆ డబ్బా తెచ్చి బిడ్డకు పూయకండి.

లంగోటీ చెప్పే కబురు

పూర్వం హకీములు ఖారూరా, అంటే గాజు సీసాలో పట్టిన మూత్రం రంగు చూసి రోగం అంచనా వేసేవారు. పసిబిడ్డకు తెల్ల లంగోటీయే ఖారూరా. ఉతికే చేతికి ముందుగా తెలిసే సంగతులు ఇవి.

పుట్టిన అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డ తడపాలి. అంతకు తగ్గితే పాలు చాలడం లేదేమో చూపించండి. మొదటి రెండు మూడు రోజుల్లో ఇటుక పొడి రంగు మరక కనబడవచ్చు, పాలు పెరిగాక పోతుంది. అయిదు రోజుల తరువాత కూడా కనబడితే డాక్టరుకు చెప్పండి. ఆడపిల్లకు మొదటి వారంలో చుక్క రక్తం కనబడటం తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల వల్లనే, భయం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఇది. పసిబిడ్డ మూత్రం దాదాపు రంగు లేకుండా ఉండాలి. అది గుడ్డను ముదురు పసుపుగా పట్టుకుంటూ, మలం సుద్దలా, తెల్లగా, బూడిద రంగులో వస్తూ, రెండు వారాలు దాటినా కళ్ళ పచ్చదనం తగ్గకపోతే అది మామూలు పసిరికలు కాకపోవచ్చు. కాలేయం నుంచి పైత్యరసం దిగే దారి మూసుకుపోయిన జబ్బు కావచ్చు. దానికి ఆపరేషన్ ఉంది. బిడ్డకు రెండు నెలలు నిండేలోపు జరిగితే ఫలితం బాగుంటుంది. ఎండలో పడుకోబెడుతూ, మందు పోయిస్తూ వారాలు గడిపితే ఆ గడువు చేజారుతుంది. అనుమానం వస్తే ఆ లంగోటీని ఉతకకుండా కవరులో వేసి డాక్టరుకు చూపించండి.

ప్రయాణంలో, పెళ్ళిళ్ళలో వాడి పారేసే డైపర్ వాడటం తప్పేమీ కాదు. కాకపోతే ఈ గుర్తులు అందులో సరిగ్గా కనబడవని తెలిసి వాడండి. దాన్నయినా మూడు నాలుగు గంటలకు మార్చాలి.

చర్మం కందితే

మలం అయిన వెంటనే, మూత్రమైతే పగలు రెండు గంటలకోసారి లంగోటీ మార్చండి. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దండి. రోజుకు మూడు నాలుగుసార్లు పావుగంట చొప్పున ఏమీ కట్టకుండా గాలికి వదలండి. చాలా కందిపోవడాలకు ఇదే సగం వైద్యం. ఆ తరువాత శుభ్రమైన కొబ్బరినూనె పలుచగా గాని, జింక్ ఆక్సైడ్ మలాం గాని పూయండి. మలాం జిడ్డు లంగోటీకి పట్టకుండా మధ్యలో పాత మల్లు గుడ్డ పెట్టండి, దాన్ని విడిగా ఉతకండి.

రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, మడతల్లో ఎర్రగా మెరుస్తూ చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచినా, చీము, జ్వరం ఉన్నా డాక్టరుకు చూపించండి. మడతల్లో వచ్చేది తరచుగా బూజు జాతి జబ్బు, దానికి వేరే మందు కావాలి. అది తగ్గేదాకా లంగోటీలను రోజూ మరిగించండి, లేకపోతే గుడ్డ నుంచి మళ్ళీ అంటుకుంటుంది.

చివరిగా ఇంట్లోని మగవారికి ఒక మాట. రోజుకు పన్నెండు లంగోటీలు, ఒక్కొక్కటి మూడు జాడింపులు. కాన్పు నొప్పులు తీరని బాలింత ఒక్కతే చేయగల పని కాదు ఇది. నీళ్ళు తోడివ్వండి, పిండండి, దండెం మీద వేయండి. బిడ్డ ఆరోగ్యంలో మీ వంతు అక్కడే మొదలవుతుంది.

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యం, ఆయుష్షు ప్రసాదించుగాక. వస్సలామ్.